ఆంగ్లేయుల భోజనబల్ల, మన దస్తర్‌ఖాన్

తాడేపల్లి నుండి మంగళగిరి వరకు జాతీయ రహదారికి ఇరువైపులా కొన్ని సంవత్సరాలుగా బహుళ అంతస్తుల భవనాలు వరుసగా వెలిశాయి. 2021లో ఈ ప్రాంతం మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థగా రూపుదిద్దుకుంది. ఊరు నగరమైనప్పుడు ఇళ్ళ లోపలి అమరిక కూడా మారుతుంది. పాత ఇళ్ళలో మధ్యగదిలో చాప పరచి, దానిపై దస్తర్‌ఖాన్ పరచి, చిలంచీలో చేతులు కడిగించి భోజనానికి కూర్చుండబెట్టేవారు. కొత్త ఫ్లాట్లలో వంటగదిని ఆనుకొని ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ ఉంటోంది. మా వద్దకు వచ్చే ప్రశ్నలు కూడా తదనుగుణంగానే మారాయి.

"బల్ల మీద కూర్చొని తినడం సున్నత్‌కు విరుద్ధమా?" అని ఒకరు అడుగుతారు. "ఎడమచేతితో ఫోర్కు పట్టుకోవచ్చా?" అని మరొకరు అడుగుతారు. ఇటీవల ఒక మిర్చి రైతు వచ్చి, "హజ్రత్! పొలం అమ్మి అబ్బాయిని లండను పంపాను. చదువు ముగిసింది, ఉద్యోగం దొరికింది. ఇప్పుడు కంపెనీ వాళ్ళు ఏవో పెద్ద హోటళ్ళకు విందుకు రమ్మంటున్నారట. వెళితే దీన్ పోతుందేమోనని భయం, వెళ్ళకపోతే ఉద్యోగం పోతుందేమోనని భయం. వాడికి ఏమి చెప్పమంటారు?" అని అడిగారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుండి బిడ్డలను బ్రిటన్‌కు పంపిన ఎన్నో కుటుంబాల మనసులో ఉన్న ప్రశ్న ఇదే. దీనికి ఒక్క వాక్యంలో సమాధానం చెప్పి పంపడం భావ్యం కాదు. ఆ భోజనబల్ల ఎక్కడ నుండి వచ్చింది, దానిపై ఏముంటుంది, అందులో మనం తీసుకోదగినది ఏది, విడిచిపెట్టవలసినది ఏది అన్న సంగతులను పాఠక సోదర సోదరీమణుల ముందు వివరంగా ఉంచదలిచాము.

1611: ఒకే ఏడాది, రెండు సంఘటనలు

మన తీరానికి ఆంగ్లేయులు వచ్చిన మొదటి ద్వారం మచిలీపట్నం. 1611లో ఈస్టిండియా కంపెనీ నౌక గ్లోబ్ అక్కడికి చేరగా, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఆ రేవులో ఇంగ్లీషు వర్తకశాల ఆరంభమైంది. సరిగ్గా అదే ఏడాది లండనులో థామస్ కోర్యాట్ అనే యాత్రికుని గ్రంథం అచ్చయింది. ఇటలీలో జనం మాంసాన్ని చేతితో ముట్టకుండా ఒక చిన్న ముళ్ళ సాధనంతో పట్టుకొని తింటున్నారని అతడు ఆశ్చర్యంగా వర్ణించాడు. తానూ ఆ అలవాటు చేసుకొని స్వదేశానికి తిరిగి వెళితే స్నేహితులు అతనిని ఎగతాళి చేశారు.

దీని అర్థమేమిటి? మచిలీపట్నంలో దిగిన ఆ తొలి ఆంగ్లేయులకు స్వదేశంలో ఫోర్కు అలవాటు లేదు. కత్తితో కోసుకొని, చెంచాతో పులుసు త్రాగి, మిగిలినదంతా వేళ్ళతోనే తినేవారు. అదే కోర్యాట్ తరువాత కాలినడకన తుర్కీ, ఇరాన్ దేశాల మీదుగా హిందూస్థాన్ చేరి, అజ్మీరులో జహంగీర్ చక్రవర్తి సముఖంలో పారశీ భాషలో ప్రసంగించి, 1617లో సూరత్‌లో మరణించాడు. ఫోర్కును ఆంగ్లేయులకు పరిచయం చేసినవాడు చేతితో తినే మన గడ్డలోనే కన్నుమూశాడు.

ఫోర్కు ఇంగ్లండులో సామాన్య గృహాలకు చేరడానికి మరో వంద సంవత్సరాలకు పైగా పట్టింది. కనుక చేతితో తినడం అనాగరికమని భావించే మన యువకులు ఒక్క విషయం గ్రహించాలి. చేయి మానవజాతి అంతటికీ ఉమ్మడి సాధనం. దానిని విడిచిపెట్టడం ఐరోపాలో కొన్ని శతాబ్దాల క్రితం వచ్చిన మార్పు మాత్రమే. ఆ మార్పులో తప్పు లేదు, కానీ ఆ మార్పునకు ముందున్న దానిలోనూ అవమానం లేదు.

వడ్డన విషయంలోనూ ఇంతే. ముందు సూపు, తరువాత చేప, ఆపైన మాంసం, చివర తీపి అంటూ ఒక్కొక్కటిగా తెచ్చే పద్ధతిని నేడు ఆంగ్ల సంప్రదాయంగా భావిస్తున్నాము. నిజానికి అది పంతొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలో వ్యాపించిన రష్యన్ వడ్డన. అంతకు ముందు సంపన్న ఆంగ్లేయుల విందులో పలు వంటకాలను ఒకేసారి బల్లపై పరిచేవారు, అతిథులు తమ దగ్గర ఉన్న పాత్రలో నుండి తీసుకొని పక్కవారికి అందించేవారు. మన దస్తర్‌ఖాన్ మీద నేటికీ జరిగేది దాదాపు అదే.

బల్ల మీద తినడం గురించి ఉలమా మాట

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఎత్తైన బల్లపై ఉంచి భోజనం చేయలేదని, నేలపై పరిచిన సుఫ్రా మీదనే ఆహారం స్వీకరించేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది. అందుచేత వినమ్రత దృష్ట్యా నేలపై కూర్చొని తినడం ఉత్తమమని పండితులు చెప్పారు. అయితే ఉత్తమం కానిదల్లా నిషిద్ధం కాదు. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ తమ ఇహ్యా గ్రంథంలో భోజన మర్యాదలకు ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించి, ఈ విషయాన్నే చర్చించారు. నేలపై పరిచిన సుఫ్రా మేలైనదే గానీ, బల్ల మీద తినడం నిషేధించబడిన కార్యం కాదని ఆయన తేల్చారు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే పెద్దలు, గర్భిణులు, వెన్ను సమస్య ఉన్నవారు బల్ల వద్ద కూర్చుంటే ఎవరూ వారిని తప్పుబట్టనవసరం లేదు. బల్ల తనంతట తాను దోషి కాదు. దాని మీద ఏమి పెడతాము, దాని చుట్టూ ఎవరిని కూర్చుండబెడతాము అన్నదే ప్రశ్న.

ఫలక్‌నుమా నూటొక్క కుర్చీలు

మచిలీపట్నంలో అడుగుపెట్టిన కంపెనీ క్రమంగా పాలకుడైంది. 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుండి ఆంగ్లేయుల స్వాధీనమైంది. కృష్ణకు ఈవల మన పల్లెలు వారి కలెక్టర్ల పాలనలోకి వెళ్ళగా, ఆవల హైదరాబాద్ రాజ్యంలో నవాబులే ఆంగ్లేయుల భోజనబల్లను తమ మహళ్ళలోకి తెచ్చుకున్నారు. దానికి పరాకాష్ఠ చార్మినార్‌కు దక్షిణాన కొండ మీద నిలిచిన ఫలక్‌నుమా.

నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా 1884లో ఈ మహలుకు పునాది వేశారు. రూపశిల్పి విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయుడు. నిర్మాణం తొమ్మిది సంవత్సరాలు సాగింది. ఆ వ్యయం కట్టించినవారిని అప్పులపాలు చేసింది. చివరకు 1897 ప్రాంతంలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని స్వాధీనం చేసుకొని రాజ అతిథి గృహంగా వాడారు. అందులోని భోజనశాలలో ఒకే బల్ల చుట్టూ నూటొక్క మంది కూర్చోవచ్చు. బల్ల ఒక కొసన మెల్లగా మాట్లాడినా మరొక కొసన వినబడేటట్లు ఆ గదిని నిర్మించారని చెబుతారు. బ్రిటిష్ రాజవంశీకులు అక్కడ విడిది చేశారు. స్వాతంత్ర్యానంతరం 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఆతిథ్యం పొందిన తరువాత ఆ మహలు దాదాపు అర్ధశతాబ్దం మూతబడి ఉంది. సుదీర్ఘమైన పునరుద్ధరణ అనంతరం 2010 నవంబరులో తాజ్ సంస్థ దానిని హోటలుగా తెరిచింది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని ఇచ్చిన విందు ఆ నూటొక్క కుర్చీల బల్ల వద్దనే జరిగింది. నేడు సాయంకాలపు ఇంగ్లీషు తేనీటి విందు కోసం కూడా జనం అక్కడికి వెళుతున్నారు.

ఆ బల్లను చూసినప్పుడు రెండు ఆలోచనలు కలుగుతాయి. మొదటిది, విందు కోసం అప్పు చేయడం. ఒక ప్రధానమంత్రి స్థాయి నవాబునే కుంగదీసిన ఆడంబరం మిర్చి ధర పడిపోయిన ఏడాది మన రైతు ఇంటి పెళ్ళిని ఏమి చేస్తుందో వేరుగా చెప్పనవసరం లేదు. రెండవది పాత్రల సంగతి. వెండి బంగారు పాత్రలలో తినడం, త్రాగడం స్త్రీపురుషులు ఇరువురికీ ప్రవక్త (స) నిషేధించారు. ఆంగ్లేయుల సంపన్న గృహాలలో వెండి చెంచాలు, వెండి ఫోర్కులు హోదాకు గుర్తు. నేడు హోటళ్ళలో కనిపించేది చాలా వరకు ఉక్కు లేదా పలుచని పూత. విడదీసి తీయలేనంత పలుచని పూత విషయంలో హనఫీ ఫిఖ్‌హ్‌లో సడలింపు ఉంది. అసలు వెండితో చేసిన సామగ్రి ముందుకు వస్తే మాత్రం మరొక చెంచా అడిగి తీసుకోవడమే మంచిది. అడిగితే కాదనే హోటలు ఉండదు.

మేఫెయిర్ పరిసరాలలో

లండనులో సంపన్నుల పేట అనగానే మొదట వినబడే పేరు మేఫెయిర్. పదిహేడవ శతాబ్దం చివర నుండి ఏటా మే నెలలో అక్కడ ఒక సంత జరిగేది, పేరు అలా వచ్చింది. సంతలో అల్లరి ఎక్కువైందని చుట్టుపక్కల ధనికులు ఫిర్యాదు చేయగా పద్దెనిమిదవ శతాబ్దంలో అది రద్దయింది. సంత పోయింది, ధనికులు మిగిలారు. ఆ పేటలోనూ, దానిని ఆనుకొని ఉన్న సెయింట్ జేమ్స్ వీధులలోనూ, కొంచెం తూర్పున కోవెంట్ గార్డెన్, స్ట్రాండ్ ప్రాంతాలలోనూ పాతకాలపు ఆంగ్ల భోజనశాలలకు పేరుంది.

జెర్మిన్ వీధిలోని విల్టన్స్ తన మూలాలను 1742 నాటి ఒక ఆల్చిప్పల బండిలో చూసుకుంటుంది. కోవెంట్ గార్డెన్‌లోని రూల్స్ 1798లో ఆల్చిప్పల దుకాణంగా మొదలై, వేటాడిన పక్షుల మాంసానికి ప్రసిద్ధి చెందింది. స్ట్రాండ్‌లోని సింప్సన్స్ 1828లో చదరంగం ఆడేవారి కాఫీశాలగా ఆరంభమైంది. పెద్ద మాంసపు ముక్కను మూతపెట్టిన బండి మీద అతిథి దగ్గరకు తోసుకొని వచ్చి, అతని కళ్ళ ముందే కోసి వడ్డించడం అక్కడి ప్రత్యేకత. చదరంగం ఆడేవారి ఏకాగ్రత చెడకుండా ఉండడానికే ఈ బండ్లు పుట్టాయని చెబుతారు.

ఇటువంటి చోట్ల తెల్లని గుడ్డ పరిచిన బల్ల, మందస్వరంతో సంభాషణ, నిదానమైన వడ్డన ఉంటాయి. పళ్ళెంకు ఇరుపక్కల వరుసగా ఉంచిన కత్తులు, ఫోర్కులు చూసి కంగారు పడనవసరం లేదు. బయటి వైపు నుండి లోపలికి ఒక్కొక్క వంటకానికి ఒక్కొక్క జత వాడుకుంటూ రావడమే దానిలోని కిటుకు. తిని ముగించినప్పుడు కత్తిని, ఫోర్కును పక్కపక్కన చేర్చి పెడితే పళ్ళెం తీసుకొని వెళతారు. ఇంతటి స్వల్ప విషయం తెలియక మన పిల్లలు తమను తాము తక్కువ చేసుకుంటూ ఉంటారు.

బల్లకు అటు నుండి వెళ్ళినవి, ఇటు వచ్చినవి

ఆ భోజనబల్ల మీద మన వాటా కూడా ఉందని చాలా మందికి తెలియదు. పాట్నాలో ఒక ముస్లిం కుటుంబంలో జన్మించిన షేక్ దీన్ ముహమ్మద్ 1810లో లండనులోని సంపన్నుల పేటలో, పోర్ట్‌మన్ స్క్వేర్ సమీపాన, హిందూస్తానీ కాఫీ హౌస్ పేరిట భోజనశాల తెరిచాడు. ఆ నగరంలో ఒక భారతీయుడు నడిపిన మొట్టమొదటి భోజనశాల అదే. రెండేళ్ళు గడవకముందే అతడు దివాలా తీశాడు. భారతదేశంలో ఉద్యోగం చేసి తిరిగి వచ్చిన ధనికుల ఇళ్ళలో సొంత వంటవాళ్ళు ఉండగా, అతని హోటలుకు ఎవరు వస్తారు?

మరో శతాబ్దం గడిచాక 1926లో మేఫెయిర్ అంచున ఉన్న రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి అనే భారతీయ భోజనశాల వెలిసింది. లండనులో నేటికీ నడిచిన భారతీయ భోజనశాలలలో అదే పురాతనమైనదిగా పేరు పొందింది. పేరు వినగానే మన దక్షిణాది వ్యక్తి అనిపిస్తుంది గానీ, స్థాపకుడు ఎడ్వర్డ్ పామర్. ఆయన జనరల్ విలియం పామర్, ఫైజ్ బక్ష్ బేగం దంపతుల వంశంలోని వాడు. ఆ దంపతుల కుమారుడే హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన ప్రసిద్ధ పామర్ కంపెనీ అధిపతి. ఆ విధంగా దక్కను చరిత్రతో ముడిపడిన ఒక కుటుంబం లండను సంపన్నులకు కూర అన్నం రుచి చూపింది.

వంటకాలు కూడా సముద్రం దాటాయి. ఆంగ్లేయుల పాత అల్పాహారమైన కెడ్జరీ మన ఖిచిడీయే. పప్పు తీసివేసి, పొగబెట్టిన చేప, ఉడికించిన గుడ్డు చేర్చారు. వారి మలిగటానీ సూపు పేరు తమిళంలో మిరియాల నీళ్ళు అనే మాట నుండి పుట్టింది. మన ఇంట్లో జలుబు చేసినప్పుడు పెట్టే మిరియాల చారుకు అది దగ్గరి చుట్టం. చట్నీ అనే మాట వారి నిఘంటువులోకి వెళ్ళింది. గొర్రె మాంసంతో వారు వాడే పుదీనా, వెనిగర్ సాస్‌ను రుచి చూసినవారికి కబాబుతో మనం తినే పుదీనా చట్నీ గుర్తుకు రాక మానదు.

అటు నుండి ఇటు వచ్చినవి ఏవి? ఉబ్బిన ఇంగ్లీషు బ్రెడ్డును మన పెద్దలు డబల్ రొట్టె అన్నారు. దానిని నేతిలో వేయించి, పాలలో, పాకంలో నానబెట్టి డబల్ కా మీఠాగా మార్చారు. గుంటూరులో, నరసరావుపేటలో, ఒంగోలులో ఏ నికాహ్ విందుకు వెళ్ళినా అది ఉండి తీరుతుంది. ఆంగ్లేయుల బ్రెడ్ పుడ్డింగుకు అది దగ్గరిదే, కానీ ఇప్పుడు పూర్తిగా మనది. అసలు గుంటూరు పేరును దేశదేశాలకు మోసుకుపోయిన మిరపకాయ కూడా పోర్చుగీసు నావలలో అమెరికా ఖండం నుండి వచ్చినదే. పరాయిదైనంత మాత్రాన ఆహారం హరామ్ కాదు, మనదైనంత మాత్రాన హలాల్ కాదు. వేరే కొలమానం ఉంది.

ఏది తినవచ్చు? ఏది కూడదు?

2021 జనగణన ప్రకారం ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో దాదాపు 39 లక్షల మంది ముస్లింలు ఉన్నారు. హలాల్ మాంసం అక్కడ అరుదైన వస్తువు కాదు. 1994లో ఏర్పడిన హలాల్ ఫుడ్ అథారిటీ, 2003లో ఏర్పడిన హలాల్ మానిటరింగ్ కమిటీ ధ్రువీకరణ ఇస్తున్నాయి. జబహ్‌కు ముందు పశువును స్పృహ తప్పించడం విషయంలో ఈ రెంటి ప్రమాణాలు వేరు. ఆ పద్ధతిని రెండవది అంగీకరించదు. విద్యార్థులు ఈ భేదం తెలుసుకొని తమకు నమ్మకమైన దానిని అనుసరించాలి. గ్రంథప్రజల జబహ్ గురించి పండితులలో చర్చ ఉన్నప్పటికీ, యంత్రాలతో సాగే నేటి పరిశ్రమలో దానిని సాకుగా తీసుకొని ఏ మాంసమైనా తినడం జాగ్రత్తపరుల మార్గం కాదు.

ఇక పాత ఆంగ్ల భోజనశాలలలో ఎదురయ్యే వంటకాల సంగతి చూద్దాము.

ఉదయపు సంపూర్ణ ఆంగ్ల అల్పాహారంలో గుడ్డు, టమాటా, పుట్టగొడుగులు, చిక్కుడు గింజలు, రొట్టె ఉంటాయి. వీటితో పాటే బేకన్, సాసేజ్ వస్తాయి, అవి సాధారణంగా పంది మాంసం. నల్ల పుడ్డింగు అనేది పంది రక్తంతో చేసినది. అన్నీ ఒకే పెనంలో వేయించే అలవాటు ఉంది గనుక విడిగా వండమని అడగాలి.

ఆల్చిప్పలు, పీతలు, లాబ్‌స్టర్ హనఫీ మజ్‌హబ్‌లో అనుమతించబడవు, చేప మాత్రమే హలాల్. షాఫయీ మజ్‌హబ్‌లో సముద్రజీవుల విషయంలో విశాలత ఉంది. మన ప్రాంతంలో అధికులు హనఫీలే గనుక ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వేట పక్షులు స్వతహాగా హలాల్ అయినప్పటికీ, తుపాకీ దెబ్బకే చచ్చి, జబహ్ చేయబడని పక్షిని హనఫీ పండితులలో అధికులు అనుమతించలేదు.

చేపలు, బంగాళదుంప వేపుళ్ళ జంట అందరికీ నచ్చేదే. అయితే కొన్ని దుకాణాలలో వేయించడానికి గొడ్డు కొవ్వు వాడతారు, పైపూత పిండిలో బీరు కలుపుతారు. ఈ రెండు ప్రశ్నలు అడిగి తెలుసుకొన్న తరువాతనే తినాలి.

తీపి పదార్థాలలో కూడా జాగ్రత్త కావాలి. సంప్రదాయ పుడ్డింగులలో సూయెట్ అనే పశువు కొవ్వు పడుతుంది. ట్రైఫిల్‌లో షెర్రీ మద్యం పోస్తారు. జెల్లీలలోని జెలటిన్ పంది నుండి వచ్చినది కావచ్చు. వైన్ పోసి వండిన సాస్ విషయంలో "మంట మీద ఆవిరైపోతుంది" అనే మాట వినబడుతుంది. మద్యం పోసి వండిన పదార్థాన్ని ఆ మాట హలాల్ చేయదు. వెనిగర్ సంగతి వేరు. మద్యం స్వభావం పూర్తిగా మారి సిర్కాగా మారినప్పుడు అది ధర్మసమ్మతమే. ప్రవక్త (స) సిర్కాను మెచ్చుకున్నారు కూడా.

ఇన్ని షరతుల నడుమ ముస్లిముకు అత్యంత సులువైన ఆంగ్ల భోజనం ఏది అని ఎవరైనా అడిగితే, సాయంకాలపు తేనీటి విందు అని చెబుతాము. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా వలన ఇది వాడుకలోకి వచ్చిందంటారు. మధ్యాహ్న భోజనానికీ, రాత్రి ఆలస్యంగా చేసే విందుకూ నడుమ ఆమెకు ఆకలి వేసేదట. దోసకాయ సాండ్‌విచ్, గుడ్డు సాండ్‌విచ్, స్కోన్ అనే మెత్తని రొట్టె, మీగడ, పండ్ల జామ్, వేడి తేనీరు ఇందులో ఉంటాయి. మీగడ ముందు పూయాలా, జామ్ ముందు పూయాలా అని డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాలవారు నేటికీ వాదించుకుంటారు. మనకు అందులో పక్షం వహించవలసిన అవసరం లేదు.

ఎడమచేతి ఫోర్కు, మద్యం ఉన్న బల్ల

ఆంగ్ల పద్ధతిలో కత్తి కుడిచేతిలో, ఫోర్కు ఎడమచేతిలో ఉంటాయి. కుడిచేతితో తినమని ప్రవక్త (స) పిల్లలకు సైతం నేర్పారు. దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ముందుగా ముక్కలు కోసుకొని, కత్తిని పళ్ళెం అంచున ఉంచి, ఫోర్కును కుడిచేతికి మార్చుకొని తినాలి. అమెరికాలో కోట్లాది మంది అలాగే తింటారు. ఎవరూ వింతగా చూడరు.

మద్యం సంగతి మాత్రం ఇంత తేలిక కాదు. మద్యం త్రిప్పబడే బల్ల వద్ద విశ్వాసి కూర్చోరాదన్న ప్రవక్త (స) ఉపదేశం ఉంది. మా వద్ద చదివి లండనులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకునికి తన కార్యాలయపు వార్షిక విందులో ఈ పరిస్థితి ఎదురైంది. అతడు విందుకు వారం ముందే తన అధికారికి స్పష్టంగా చెప్పాడు. తాను మద్యం త్రాగననీ, మద్యం ఉన్న బల్ల వద్ద కూర్చోవడం తన ధర్మానికి తగదనీ, సహోద్యోగుల పట్ల గౌరవం లేక కాదనీ వివరించాడు. అధికారి కొంత ఆశ్చర్యపడి, ఆ విందుకు ముందు సాయంకాలం అందరికీ తేనీటి విందు ఏర్పాటు చేశాడు. యువకుడు దానికి హాజరై, అందరినీ పలకరించి, రాత్రి విందుకు ముందే సెలవు తీసుకున్నాడు. తరువాతి సంవత్సరం మరో ఇద్దరు, వారు ముస్లింలు కూడా కారు, తాము సైతం తేనీటి విందుకే వస్తామన్నారట.

అందరి అధికారులూ ఇలాగే ఉంటారని మేము చెప్పలేము. ఒక్కొక్కసారి నష్టం కూడా కలగవచ్చు. కానీ చివరి నిమిషంలో అబద్ధపు అనారోగ్యం నటించడం కంటే, తలవంచుకొని కూర్చొని లోలోపల కుమిలిపోవడం కంటే, ముందుగా మర్యాదగా నిజం చెప్పడం మేలు. ఆ మిర్చి రైతుకు మేము చెప్పినది కూడా ఇదే. "అబ్బాయికి ధైర్యం చెప్పండి. దీన్‌ను దాచుకోమనీ చెప్పవద్దు, జనంతో కలవవద్దనీ చెప్పవద్దు" అన్నాము.

మన ఇంటి బల్లను చూసుకుందాము

ఇంతవరకు ఆంగ్లేయుల బల్లను పరిశీలించాము. ఇప్పుడు మనవైపు చూసుకోవడం న్యాయం. అందరి ముందూ వడ్డన పూర్తయ్యే వరకు ఆగడం, నోటిలో ముద్ద పెట్టుకొని మాట్లాడకపోవడం, తన ముందున్నది తినడం, వంటకు వంకలు పెట్టకపోవడం, తినగలిగినంతే తీసుకోవడం: ఇవి ఆంగ్లేయుల మర్యాద పాఠాలలోనూ కనిపిస్తాయి. ఇవన్నీ మనకు ప్రవక్త (స) జీవితం నుండి అందిన ఆదాబ్‌లోనివి లేదా వాటికి అతి సమీపమైనవి. మేఫెయిర్ హోటలులో వీటిని చూసి మెచ్చుకునే మనవారే మన కల్యాణమండపాలలో జరిగే వలీమాలలో ఏమి చేస్తున్నారు? బఫే బల్లల వద్ద తోపులాట, పళ్ళెం నిండా బిర్యానీ, సగం తిని వదిలిన మాంసం ముక్కలు, నిలబడి చేసే భోజనం. ఆంగ్లేయుల నుండి షాండిలియర్లు, టై కట్టిన వడ్డనవాళ్ళు, గుడ్డ తొడిగిన కుర్చీలు తెచ్చుకున్నాము. వారి వద్ద ఉన్న మంచిని మాత్రం, అది మన ఇంట్లోనే ఉన్నప్పటికీ, తీసుకోలేదు.

మరొక సంగతి. పూర్వపు ఆంగ్ల సంపన్న గృహాలలో యజమానులు పై అంతస్తులో భోజనం చేస్తే, పనివారు నేలమాళిగలోని తమ గదిలో తినేవారు. అక్కడ కూడా హోదాల వారీగా కూర్చునేవారు. వంట చేసి తెచ్చిన సేవకుడిని తనతో కూర్చుండబెట్టుకోవాలని, అది వీలుకాకపోతే ఆ ఆహారంలో నుండి కొంతైనా అతనికి ఇవ్వాలని ప్రవక్త (స) ఉపదేశించారు. పొయ్యి వేడిని భరించినవాడు అతడే కదా! మన ఇళ్ళలో పొయ్యి వేడిని భరించేది ఎవరు? తల్లి, భార్య, కోడలు. వారు ఎప్పుడు తింటున్నారు? పురుషులు, పిల్లలు, అతిథులు తిని లేచిన తరువాత, చల్లారిన అన్నంతో, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో. ప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో ఒకే పాత్రలో తిన్నారు, ఆమె నోరు తగిలిన చోటనే తమ నోరు ఉంచి త్రాగారు. ఆ సున్నత్‌ను మనం బల్ల మీద గానీ, చాప మీద గానీ ఎంతవరకు నిలబెట్టాము?

కొత్త ఫ్లాట్లలోకి వచ్చిన ఆరు కుర్చీల బల్ల ఒక మేలు చేయగలదు. ఇంటి స్త్రీలు కూడా అందరితో పాటు కూర్చోవడానికి చోటు కల్పించగలదు. గిన్నెలన్నీ బల్ల మీదకు తెచ్చుకొని, ఎవరికి వారు వడ్డించుకొని, బిస్మిల్లాహ్ చెప్పి అందరూ ఒకేసారి మొదలుపెట్టవచ్చు. దానికి కావలసిందల్లా ఒక కుర్చీ ఖాళీగా ఉన్నంతసేపు మిగిలినవారు ముద్ద ఎత్తకపోవడం. ఈ అలవాటు ఇంట్లో పడిన పిల్లవాడు రేపు లండనులో ఎంతటి హోటలుకు వెళ్ళినా ఏది తినాలో అడిగి తెలుసుకోగలడు, ఏది వద్దో నిర్భయంగా చెప్పగలడు. కత్తి, ఫోర్కు పట్టుకోవడం పది నిమిషాల పని, ఎవరైనా నేర్పగలరు. ఈ మిగిలినది నేర్పవలసినది మాత్రం మన ఇంటి బల్లే.